ఎదురుగా నేర్చిన పట్టు

గుడ్డలు కత్తిరించే బల్లకు అటువైపు కూతురు, ఇటువైపు తల్లి నిలబడ్డారు. కూతురి చేతిలో మడిచిన గొడుగు ఉంది, తల్లి చేతిలో గోల్ఫ్ కర్ర. కూతురు తన ఆఫీసులో ఎవరినో బతిమాలి తెచ్చిన కర్ర ఒక్కటే కావడంతో, నేర్చుకునే మనిషికి అసలుది ఇచ్చి నేర్పే మనిషి గొడుగుతో సరిపెట్టుకుంది.

"అరచేతిలో కాదమ్మా, వేళ్ల మీద ఆనించు. దాని గొంతు పిసికేస్తున్నావు."

"జారిపోతుందేమోనే."

"జారదు. ముందు ఈ చెయ్యి పైన. ఇదిగో, నన్ను చూడు. బొటనవేలు కర్ర మీద పొడుగ్గా. ఇప్పుడు ఆ చెయ్యి కింద. దాని చిటికెన వేలు పై చేతి వేళ్ల సందులోకి వెళ్లాలి. ఊఁ, అలా. రెండు చేతులూ కలిసి ఒకే చెయ్యిలా ఉండాలి."

తల్లి కూతురి చేతులకేసి చూసింది. ఆ పిల్ల ఏ పక్క చెయ్యి పైన పెడితే తానూ ఆ పక్క చెయ్యే పైన పెట్టింది. ఆ పిల్ల గొడుగు ఏ పక్కకు ఊపితే తానూ కర్ర ఆ పక్కకే ఊపింది. అద్దంలో చూసుకుంటున్నట్టు అంతా చక్కగా సరిపోయింది.

"పట్టు బాగా కుదిరిందే నీకు!" అంది కూతురు. ఆ మాటకి తల్లి మొహం వెలిగింది. ఈమధ్య కూతురి నోట ఆమెకు మెప్పు దొరకడం తక్కువే.

డ్యూటీ దిగి ఇంటికొచ్చిన తండ్రి గుమ్మంలో నిలబడి ఇద్దరినీ ఎగాదిగా చూశాడు. ఆయన బస్సు డ్రైవరు. "ఏంటోయ్, ఇంట్లో వాన పడుతోందా? గొడుగు తీశారు?"

"నవ్వకండి. ఆదివారం కాబోయే వియ్యపురాలితో గోల్ఫ్ ఆడాలి నేను."

"మరి నన్ను పిలవలేదే? అమ్మడూ, నా గురించి ఏం చెప్పావే వాళ్లకి?"

కూతురు గొడుగు మూలన పెట్టి, "ట్రాన్స్‌పోర్ట్‌లో అని చెప్పాను" అంది.

"అబద్ధమేం కాదులే" అన్నాడాయన నవ్వుతూ. చొక్కా విప్పుకుంటూ లోపలికి వెళ్లిపోయాడు. ఆ నవ్వు గది దాటాక కూడా ఉందో లేదో తల్లికి కనపడలేదు.

తండ్రి విషయంలో చెప్పింది అబద్ధం కాదు. తల్లి విషయంలో చెప్పిందే అబద్ధం.

కిందటి వారం, తండ్రికి డ్యూటీ పడి రాలేని రోజున, కూతురి పెళ్లి మాటల కోసం రెండు కుటుంబాలూ ఒక హోటల్లో కలిశాయి. కాబోయే వియ్యపురాలు బ్యాంకులో పెద్ద ఉద్యోగం చేసి ఈమధ్యే మానేసిన మనిషి. గలగలా మాట్లాడుతుంది, పగలబడి నవ్వుతుంది. గోల్ఫ్ మాటెత్తితే ఇక ఆగదు. తల్లి ఆ రోజు చేతులు బల్ల కింద దాచుకుని కూర్చుంది. చూపుడు వేలి చివర సూది పొడిచి పొడిచి నల్లగా కాయ కట్టి ఉంటుంది. ఎవరేం అడిగినా ముందుగా కూతురే అందుకుంది. మధ్యలో తల్లి చేతులు కడుక్కోవడానికి లేచి వెళ్లింది. తిరిగొచ్చేసరికి వియ్యపురాలు ఆమెను కొత్త కళ్లతో చూస్తూ, "చెప్పరేం వదినగారూ! మనం ఓ రోజు తప్పకుండా కలవాలి" అంది. ఎందుకు కలవాలో తెలియకుండానే ఆమె తలూపింది.

ఆ తర్వాత ఇంట్లో కూతురు అసలు సంగతి చెప్పింది. "మీ అమ్మగారు ఏం చేస్తారు, ఆటలేమైనా ఆడతారా అని నువ్వు లేచి వెళ్లినప్పుడు ఆవిడ అడిగింది. ఏదో అనేశానమ్మా. ఆఫీసులో పనిచేసి మానేసిందని చెప్పాను. అప్పట్లో గోల్ఫ్ కూడా ఆడేదని."

తల్లి బల్ల మీది గుడ్డముక్కలు ఏరింది. చివరికి, "ఏ ఆఫీసే?" అని అడిగింది.

"ఇన్సూరెన్సు."

"ఓహో" అంది. ఇన్సూరెన్సు ఆఫీసులో ఏం చేస్తారో ఆమెకు తెలియదు. ఇంటి ముందుగదిలో మూడు మిషన్లు వేసుకుని పాతికేళ్లుగా ఆడపిల్లలకు కుట్టు నేర్పుతోంది. ఈ పిల్ల ఫీజులూ బట్టలూ ఆ మిషన్ల మీదే వచ్చాయి. ఆ మాట నోటిదాకా వచ్చినా అనలేదు. అంటే దెప్పినట్టుంటుంది. బయట గోడకి వేలాడే 'కుట్టు శిక్షణ' బోర్డు మీద దుమ్ము పేరుకుందని మర్నాడు తుడవబోయి, తుడవకుండానే లోపలికి వచ్చేసింది.

తాను ఎలా ఉన్నా ఫర్వాలేదు. ఆ ఇంట్లో అడుగుపెట్టకముందే తన పిల్ల అబద్ధాలకోరని వాళ్లకి తెలియకూడదు. ఆదివారం ఆ కాసేపు గట్టెక్కితే చాలు. అందుకే కర్ర పట్టుకోవడం నేర్చుకుంటోంది.

ఆ వారమంతా పొయ్యి మీద ఏదైనా మరుగుతుంటే గరిటె పక్కన పెట్టి కర్ర అందుకునేది. మిషన్ల దగ్గర పిల్లలు లేనప్పుడు ముందుగదిలో నిలబడి ఊపేది. ఒకసారి కర్ర తగిలి దారపు ఉండలన్నీ మంచం కిందికి దొర్లాయి. కొత్తగా చేరిన పిల్ల ఒకతె అది చూసి, "టీచరమ్మా, గుడ్డని కొట్టి మెత్తబరుస్తారా?" అని కిసుక్కున నవ్వింది.

"నోరు మూసుకుని కాజా కుట్టు. అలా ఎదురుగా కూర్చున్నావేం? ఇటు పక్కకి రా. ఎదురుగా కూర్చుంటే నా కుడి నీకు ఎడమవుతుంది. చేతిపని ఎప్పుడూ పక్కన కూర్చుని నేర్చుకోవాలి."

కుట్టు నేర్చుకోవడానికి ఎవరొచ్చినా మొదటిరోజు ఆమె చెప్పే మొదటి మాట అదే. ఆ రోజూ చెప్పింది. చెప్పి, కర్ర తీసుకుని మళ్లీ తప్పుగానే పట్టుకుంది.

ఆదివారం పొద్దున్నే కూతురు కారులో తీసుకెళ్లింది. మైదానానికి ఒక పక్కన పొడవాటి రేకుల షెడ్డు, దాని కింద వరసగా పచ్చని చాపలు ఉన్నాయి. ఒక్కో చాప మీద ఒక్కో మనిషి నిలబడి బుట్టలోంచి తెల్లటి బంతులు తీసి దూరంగా కొడుతున్నారు. ఠప్, ఠప్ మని చప్పుళ్లు. ఎవరూ ఎవరినీ చూడటం లేదు. తల్లికి కాస్త ధైర్యం వచ్చింది.

"రండి రండి వదినగారూ!" వియ్యపురాలు ఎదురొచ్చి రెండు చేతులూ పట్టుకుంది. పెద్ద పెద్ద బొత్తాల కోటు వేసుకుంది. "మీరొస్తున్నారని చెప్పి నాలుగు రోజులుగా మావాడి బుర్ర తినేస్తున్నాను. మా ఇంట్లో దీని మీద ఎవరికీ ధ్యాస లేదు. వీడు కూడా నా పోరు పడలేక వస్తాడు. ఇన్నాళ్లకి నాకో తోడు దొరికింది."

కాబోయే అల్లుడు నవ్వుతూ, "నాకు విముక్తి దొరికింది ఆంటీ" అన్నాడు.

ఆవిడ మొహంలో అంత సంతోషం చూసేసరికి తల్లి తన చేతులు మెల్లగా వెనక్కి తీసుకుంది. పరీక్ష పెట్టడానికి పిలిచి ఉంటుందని ఈ వారమంతా భయపడింది. తోడు కోసం పిలిచిందని తెలిశాక ఇంకా కష్టంగా ఉంది.

"కానివ్వండి. ముందు మీరే."

తల్లి చాప మీదికి వెళ్లింది. అల్లుడు కర్ర చేతికిచ్చి బంతి పెట్టాడు. కూతురు నేర్పింది నేర్పినట్టు గుర్తుచేసుకుంది. ఈ చెయ్యి పైన, ఆ చెయ్యి కింద. బొటనవేలు పొడుగ్గా. చిటికెన వేలు సందులోకి. ఎటు ఊపాలో చూసుకుని, దానికి తగ్గట్టు బంతికి అవతలి పక్కకు వెళ్లి నిలబడి తలెత్తింది.

పక్క చాప మీది మనిషి సరిగ్గా ఆమె మొహంలోకి చూస్తున్నాడు. షెడ్డులో అందరి వీపులూ ఒక పక్కకు ఉంటే, ఆమె వీపు ఒక్కటే రెండో పక్కకు ఉంది.

"ఏమ్మా, కొట్టేది బంతినా, నన్నా?" అన్నాడు ఆ మనిషి. అవతల ఇద్దరు నవ్వారు.

ఆమె కిందికి చూసింది. కర్ర మూతి కూడా వెనక్కి తిరిగి ఉంది. కుడి చెయ్యి పైన ఉంది. పక్క మనిషికి ఎడమ చెయ్యి పైన ఉంది. ఆ పైవాడికీ అంతే. అప్పుడు గుర్తొచ్చింది, గుడ్డల బల్లకు అటువైపు కూతురు, ఇటువైపు తను. ఎదురుగా. పాతికేళ్లుగా ఎందరికో చెప్పిన మాట తన చెవికే ఎక్కలేదు. చెవుల దగ్గర్నుంచి మెడ దాకా వేడెక్కిపోయింది.

"అయ్యో, ఎడమ చేతివాటమా మీది?" వియ్యపురాలు ముందుకొచ్చింది. "మరి కుడి చేతివాళ్ల కర్ర ఇచ్చాం మీకు! అమ్మాయీ, ముందే చెప్పొద్దూ?"

తల్లి కూతురి వైపు చూసింది. ఆ పిల్ల మొహం పాలిపోయి ఉంది. చిన్నప్పుడు బడిలో ఏదైనా పగలగొట్టి ఇంటికొచ్చినప్పుడు ఇలాగే ఉండేది.

"అవునాంటీ. అమ్మది ఎడమ చెయ్యి. చెప్పడం మర్చిపోయాను" అంది కూతురు.

తల్లి తలూపింది. ఒక అబద్ధం మీద ఇంకొకటి ఎక్కింది. ఈసారి ఎక్కించడంలో తన చెయ్యీ ఉంది.

అల్లుడు పరిగెత్తుకెళ్లి కౌంటర్లోంచి ఎడమ చేతివాళ్ల కర్ర, దానితోపాటు కుడి చేతికి వేసుకునే ఒక తెల్లటి తొడుగు తెచ్చాడు. ఆమె వేసుకుంది. కర్ర పట్టుకుంది. ఈ కర్రకి ఆ పట్టు సూదిలో దారంలా సరిపోయింది.

"చూడరా, చూసి నేర్చుకో!" వియ్యపురాలు కొడుకు వీపు మీద ఒక్కటిచ్చింది. "పట్టంటే ఇదీ. గట్టిగా లేదు, వదులుగా లేదు. ఇన్నేళ్లు వదిలేసినా ఆ చేతులు మర్చిపోలేదు. ఆగండి వదినగారూ, అలాగే ఉండండి." ఫోను తీసి ఆమె చేతుల్ని ఫోటో తీసింది. "మావాళ్ల గ్రూపులో పెడతాను. వాళ్లకీ బుద్ధి రావాలి."

మొదటి బంతి తగల్లేదు. రెండోది చాప చివరిదాకా దొర్లింది. ఆ తర్వాతది ఎలాగో గాల్లోకి లేచి కాస్త దూరం వెళ్లి పడింది. "వస్తోంది, వస్తోంది, పాత చెయ్యి తిరిగొస్తోంది!" అని వియ్యపురాలు చప్పట్లు కొట్టింది. ఆవిడ మెచ్చుకునే ఒక్కో మాటకీ తల్లి ఒక్కో అంగుళం కుంగింది. నవ్వి నవ్వి దవడలు నొప్పెట్టాయి. మధ్యలో టీ వస్తే కప్పు ఎడమ చేత్తో అందుకుంది. సగం పళ్లెంలో, కాస్త చెప్పుల మీద ఒలికింది. కూతురు గబగబా గుడ్డ తెచ్చి తుడిచింది. తలెత్తి తల్లి కళ్లలోకి చూడలేదు.

"ఇప్పుడు నేను" అని వియ్యపురాలు చాప ఎక్కింది. బలంగా ఊపింది. బంతి దూసుకుపోయింది. దాంతోపాటు కోటు మధ్య బొత్తం దారం తెగి వేలాడింది.

"ఇదొకటి ఎప్పుడూ ఇంతే. పోనీండి, తెంపేస్తాను."

"తెంపకండి. ఒక్క నిమిషం కదలకండి."

అంటూనే తల్లి తొడుగు లాగేసి, బ్యాగు తెరిచింది. దాని మూత లోపల ఎప్పుడూ దారం ఎక్కించిన సూది గుచ్చి ఉంటుంది. ఆవిడ ఒంటి మీదే కోటు అంచు ఎడమ చేత్తో ఎత్తిపట్టి, కుడి చేత్తో సూది దింపింది. కింద నుంచి పైకి, పై నుంచి కిందికి. బొత్తానికీ గుడ్డకీ మధ్య కాస్త ఖాళీ వదిలి, ఆ ఖాళీ చుట్టూ దారం బిగించి చుట్టి, ముడి లోపలికి తోసి, మొహం దగ్గరికి తీసుకెళ్లి పళ్లతో పుటుక్కున కొరికింది. కొత్త పిల్లలకు చూపించేటప్పుడు ఆఖర్న అనే మాట కూడా అలవాటు కొద్దీ అనేసింది. "ఇక గుడ్డ చిరగాలే గానీ ఇది ఊడదు."

పక్క చాపల మీద ఠప్, ఠప్ మని వినిపిస్తూనే ఉంది.

వియ్యపురాలు బొత్తం పట్టుకుని చూసింది. తర్వాత తల్లి కుడి చేతిని చూసింది. చూపుడు వేలి చివరి నల్లటి కాయ మీద ఆ చూపు కాసేపు ఆగింది.

"కుడి చేత్తో కుట్టారే" అంది మెల్లగా. "ఇది చేయితిరిగిన పనండీ."

తప్పు పట్టినట్టు లేదు ఆ గొంతు. నిజంగా అర్థంకాక అడిగినట్టుంది. సూది ఇంకా వేళ్ల మధ్యే ఉంది. దాన్ని ఎక్కడ దాచాలో తెలియలేదు.

"నేను కుట్టు నేర్పుతానండీ. ఇంట్లోనే" అంది. "ఆఫీసు లేదు, ఏమీ లేదు. ఈ కర్ర ఈ వారమే పట్టుకున్నాను. అలా చెప్పమని అమ్మాయికి నేనే చెప్పాను. గొప్ప కోసం. దానికి ఇష్టం లేకపోయినా నేనే..."

వాక్యం పూర్తి కాలేదు. కూతురు బంతుల బుట్టకేసి చూస్తూ నిలబడింది.

"దానికేముందండీ" అంది వియ్యపురాలు. "అందరం ఏదో ఒకటి అంటుంటాం." నవ్వింది కూడా. కానీ అది పొద్దుటి నవ్వు కాదు. బ్యాంకులో కౌంటరు అవతలి మనిషికి ఇచ్చే నవ్వు. ఆ తర్వాత మళ్లీ ఒక్కసారి కూడా 'వదినగారూ' అనలేదు. అల్లుడు, "ఇంకో టీ తెమ్మంటారా ఆంటీ?" అని అడిగాడు. వద్దంది. కాసేపటికి ఇంట్లో పనుందని చెప్పి తల్లీకూతుళ్లిద్దరూ బయటపడ్డారు.

కారులో తల్లి కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది. చెయ్యి తనంతట తానే బ్యాగులోకి వెళ్లిందా? లేక ఆ పొగడ్తలు వినలేక తానే పంపిందా? ఎంత ఆలోచించినా తేలలేదు. ఇంకో సంగతి అంతకంటే సిగ్గుగా ఉంది. తప్పు తన మీద వేసుకుంటున్నప్పుడు, కూతురు 'కాదు' అంటుందేమోనని ఒక చెవి అటే పెట్టుకుని ఉంది. పిల్ల కోసం చేశానని పైకి అనుకుంటూనే, లోపల ఎదురుచూసింది.

"ఎందుకలా చెప్పావు?" అంది కూతురు చివరికి.

"ఇంకేం చెప్పమంటావు?"

"ఇప్పుడు నిన్నేమనుకుంటుంది ఆవిడ?"

"నన్నే కదా. అనుకోనీ."

కూతురు స్టీరింగు మీద చేతులు బిగించింది. "అసలు అలా తిరగేసి ఎలా నేర్చుకున్నావమ్మా? నేను సరిగ్గానే చూపించాగా!"

"నీకు ఎదురుగా నిలబడ్డాను."

"ఊరందరికీ చెప్తావు, ఎదురుగా కూర్చోవద్దు, పక్కన కూర్చోండని. వినీ వినీ నాకే కంఠతా వచ్చింది. నువ్వెందుకు నిలబడ్డావు?"

తల్లి వేళ్ల మధ్య సూదిని తిప్పింది. "పక్కన నిలబడితే నీ మొహం కనపడదుగా" అంది తర్వాత. "ఈమధ్య నువ్వు అంతసేపు నాతో ఎక్కడ మాట్లాడావు? చేతులకంటే మొహమే ఎక్కువ చూశానేమో."

కూతురు ముక్కు ఎగబీల్చింది. ముందు పచ్చ దీపం వెలిగినా కారు కదల్లేదు. వెనకవాళ్లు హారన్ కొట్టారు.

తల్లి చేతిలోని సూదిని మళ్లీ మూతకి గుచ్చుదామని బ్యాగు తెరిచింది. లోపల తెల్లటి తొడుగు కనపడింది. బొత్తం హడావిడిలో అందులో పడేసినట్టుంది.

"అయ్యో, ఇది వాళ్లదే! ఎంత పరువు తక్కువ. ఎవరితోనైనా పంపించేయవే."

కూతురు దాన్ని చూసింది. "ఇది కూడా నువ్వే దాచమన్నావని చెప్తావా?" అంది. నవ్వబోయి ఆగింది. తర్వాతి మలుపు దగ్గర కారు వెనక్కి తిప్పింది.

"ఇప్పుడెందుకే? నేను మొహం చూపించలేను."

"నువ్వు దిగకు. నేనే ఇచ్చి వస్తాను."

షెడ్డు ఎదురుగా, కంచె ఇవతల కారు ఆపి, కూతురు తొడుగు తీసుకుని వెళ్లింది. తల్లి అద్దం పూర్తిగా ఎక్కించుకుంది. మాటలేవీ వినపడవు, మనుషులు మాత్రం కనపడుతున్నారు. వియ్యపురాలు ఇంకా ఆ చాప మీదే ఉంది. తొడుగు అందుకుని ఏదో అంది. ఇచ్చేసి వస్తుందనుకుంటే కూతురు రాలేదు. తల దించుకుని మాట్లాడుతోంది. ఆగి, మళ్లీ మాట్లాడుతోంది. ఒకచోట బొటనవేలూ చూపుడు వేలూ కలిపి, చేతిని కిందికీ పైకీ ఆడించింది. తర్వాత గాల్లో మిషను చక్రం తిప్పింది. మూడు వేళ్లు చూపించింది. ఆపైన 'నేనే' అన్నట్టు తన గుండె మీద చెయ్యి పెట్టుకుంది.

వియ్యపురాలు కోటు మధ్య బొత్తాన్ని వేళ్లతో తడిమింది. ఆవిడ మొహంలో కోపం ఉందో, జాలి ఉందో ఇంత దూరం నుంచి తెలియలేదు. అప్పుడు ఇద్దరూ ఒక్కసారే కారు వైపు తిరిగారు.

తల్లి గభాలున వంగింది. కాళ్ల దగ్గర ఏదో పడిపోయినట్టు వెతకడం మొదలుపెట్టింది. అక్కడ ఏమీ లేదు, తన చెప్పుల మీద ఎండిన టీ మరక తప్ప. కంకర మీద అడుగుల చప్పుడు దగ్గరికొస్తోంది. ఒక్కరివి కావు, ఇద్దరివి. కిటికీ అద్దం మీద ఎవరో వేలితో తట్టారు.

ఆమె ఇంకా కిందే వెతుకుతోంది.